కుళాయి పక్క వావిలి

బాలింతకి వావిలాకు నీళ్ళు పొయ్యకపోతే ఒంట్లో వాతం వదలదని నరసమ్మ నమ్మకం. మలేషియాలో, పోర్ట్ క్లాంగ్ ఫ్లాట్లో కూతురు మాధవి పచ్చి బాలింత. కొట్లో ఎండాకు పొడి దొరుకుతుందని ఎవరో అంటే, "ఆ పొడితో పళ్ళు తోముకోమను," అంది. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. మొగుడు పోలయ్యని కారెక్కించి బాగన్ దాతుక్ బయల్దేరదీసింది.

అక్కడ వాళ్ళు బతికిన ఎస్టేటు లయంలో, ఆ కూలీల వరస ఇళ్ళ ముందు, వావిలి కంచె ఉండేది. ఏడాది పొడుగునా పచ్చగా ఉండేది, మేకలు మూతి పెట్టేవి కావు. జలుబు చేస్తే ఆ ఆకే దిండులోకి, దోమలు ముసిరితే ఆ ఆకే పొగకి. అబ్బ, ఆ వాసన ఇప్పటికీ ముక్కులోనే ఉంది నరసమ్మకి. ఏ ఇంట బిడ్డ పుట్టినా, బాలింత నీళ్ళకి ఆకు దూసిన కొమ్మని తెచ్చి కంచె వరసలో గుచ్చేవారు. ఒక్కో మొక్కా ఒక్కో బిడ్డది.

కుళాయి పక్కది నరసమ్మ తొలిచూలు కొడుకుది. పురిటి స్నానమైన వారానికే బిడ్డ పోయాడు, కొమ్మ మాత్రం చిగిర్చింది. చచ్చిన బిడ్డ మొక్క ఆకు బాలింతకి కీడని లయమంతా దాన్ని వదిలేసింది. నరసమ్మా ఏనాడూ ఒక్కాకు తుంచలేదు.

కారు దిగి చూసేసరికి అంతా బోసిగా ఉంది. లారీల కోసం బాట వెడల్పు చేసి కంచె మొత్తం పీకేశారు. కుళాయి పక్కదొక్కటే మిగిలింది, మనిషెత్తు దాటి, నీలం పూతతో.

"ఏటి సేద్దాం? ఆ పొడే కొనుక్కెల్పోదాం లే," అన్నాడు పోలయ్య, దానివైపు చూడకుండా.

నరసమ్మకి, ఆ ఆకు కోస్తే కూతురికీ మనవడికీ ఏమవుతుందోనని భయం. దాన్నలా వదిలేసి పోవాలంటే అంతకు మించిన దుఃఖం. కడుపున పుట్టినవాణ్ణి ఇన్నేళ్ళూ కీడని తనే దూరం పెట్టిందే. దగ్గరికి పోయి కొమ్మ పట్టుకుంది.

"నాయినా, నీ సెల్లి నీళ్ళాడినాది. మేనమామవి, నువ్వివ్వకపోతే ఇంకెవుడిస్తాడు?" అని బావురుమంది.

పోలయ్య మొహం తుడుచుకుని, ఆమెకి అందేలా కొమ్మ వంచి పట్టుకున్నాడు.

మర్నాడు ఫ్లాటంతా వావిలి వాసన. వేన్నీళ్ళు వీపు మీద పడుతుంటే మాధవికి ప్రాణం లేచొచ్చింది.

"కంచె పీకేసినారని నాన్న సెప్పినాడు కదమ్మా. మరి ఆకెవరిచ్చినారు?"

నరసమ్మ చెంబు ముంచింది. తనకో అన్న లేడని చిన్నప్పుడు మాధవి ఏడ్చిన రోజున కూడా ఆమె నోరు దాటని మాట అది.

"మీ అన్న," అంది.