పిడికిట్లో ఆరు నెలలు

"స్కూటరు సర్వీసింగు మళ్ళీ ఎప్పుడో కాస్త లెక్కపెట్టి చెప్పు," అన్నాడు భర్త, అద్దంలో మీసం దువ్వుకుంటూ.

ఆమె కుడిచేత్తో అతని చొక్కా ఇస్త్రీ చేస్తూనే ఎడమ పిడికిలి బిగించింది. మెటిక మీద ఒక నెల, పక్క పల్లంలో ఒక నెల, మళ్ళీ మెటిక, మళ్ళీ పల్లం. తేదీ చెప్పింది, వారం చెప్పింది, ఆ రోజు షాపు మూసి ఉంటుంది కనక మర్నాడు వెళ్ళమని కూడా చెప్పింది. అతను మీసంతో "ఊఁ" అన్నాడు.

ఆ ఇంట్లో ముందుకు చూసే పనంతా ఆమెదే. అత్తగారి కళ్ళ పరీక్ష ఎప్పుడు, నీళ్ళ ఫిల్టరు మార్చేదెప్పుడు, కూతురి బూట్లు ఏ నెలకు బిగుతవుతాయి, అన్నీ ఆ పిడికిట్లో ఉండేవి. పక్కింటి పిల్లి ఎప్పుడు ఈనుతుందో కూడా ఆమెనే అడిగేవారు. చెప్పిన రోజుకు ఈనకపోతే తప్పు పిల్లిదే అనుకునేవారు. ఇంత చేసినా ఆమె ఏదో పని చేస్తోందని ఎవరికీ తోచలేదు. గోడ మీది క్యాలెండరుకు కనీసం ఒక మేకు కొట్టారు, తనకు అదీ లేదు కదా అనుకుని ఒక్కోసారి తనలో తనే నవ్వుకునేది.

ఆమె ఉద్యోగమూ అదే తీరు. పళ్ళ డాక్టరమ్మ దగ్గర ముందు గదిలో బల్ల ఆమెది. లోపల్నుంచి "ఆరు నెలల తర్వాత" అని కేక వినపడగానే ఇక్కడ పిడికిలి బిగిసేది, తేదీ బయటికొచ్చేది. డాక్టరమ్మ ఆమెకు క్యాలెండరమ్మ అని పేరు పెట్టింది. "నువ్వు రమ్మన్న రోజుకు ఊడిన పళ్ళు కూడా తిరిగొస్తాయి," అనేది.

అత్తవారింటి లెక్క మాత్రం లోకంలో ఎక్కడా లేనిది. వాళ్ళు నెలలు లెక్కపెడితే నడుస్తున్న నెలను కూడా కలుపుకుంటారు. మూడు నెలలకు రమ్మంటే రెండు నిండేసరికి గుమ్మంలో ఉంటారు. అత్తగారు అలాగే కళ్ళాసుపత్రికి నెల ముందు వెళ్ళి, "నేను సరిగ్గానే వచ్చాను, మీ డాక్టరే ఆలస్యం," అని అక్కడున్న వాళ్ళందరికీ నచ్చజెప్పి, ఎలాగైతేనేం పరీక్ష చేయించుకునే వచ్చింది.

అంత తొందర మనుషులు ఒక్క విషయంలో మాత్రం తెగ నిదానంగా ఉండేవారు. వీధి చివర ఈతకొలను కట్టారు. పొద్దున్నే ఒక గంట ఆడవాళ్ళకు. ఆమె చిన్నప్పుడు కాలవలో ఈదిన మనిషి. ఆమె దూకితే చేపలు ఒడ్డుకొచ్చి నిలబడి దారి ఇచ్చేవని అమ్మమ్మ చెప్పేది. అమ్మమ్మ మాటల్లో సగం తీసేసినా ఈత వచ్చన్నది మిగులుతుంది. ఆ గంట తనకు కావాలని అడిగింది. అయితే అది కాఫీల గంట, టిఫిను డబ్బాల గంట. భర్త కాదనలేదు, పాపం. "ఓ ఆరు నెలలాగు. పాప పరీక్షలు కానీ," అన్నాడు. పరీక్షలయ్యాయి. "అమ్మకు నడుం నొప్పి, ఓ ఆరు నెలలు చూద్దాం." నడుం బాగుపడింది. "ఆఫీసులో కొత్త మేనేజరు, వచ్చే నెల నుంచి ఓ ఆరు నెలలు." తువ్వాలు కొని బీరువాలో పెట్టుకుంది. అది కొత్తగా ఉండగానే మడతల దగ్గర పాతబడింది.

ఓ రోజు భర్త బుగ్గ వాచి ఆమె పనిచేసే పళ్ళాసుపత్రికే వచ్చాడు. ఆ పన్ను సంగతి చూపించుకోమని ఆమె చెబుతూనే ఉంది. లోపల డాక్టరమ్మ దాని పని పట్టింది. ఆరు నెలల తర్వాత మళ్ళీ రావాలనీ, తేదీ బయట అడగమనీ చెప్పి పంపింది. అతను అందరి వెనకా వరసలో నిలబడి, తన వంతు రాగానే పెళ్ళాం ముందు చేతులు కట్టుకున్నాడు.

ఆమె పిడికిలి బిగించి తేదీ చెప్పింది.

"అప్పుడేనా? వచ్చే నెల నుంచి కదా లెక్క?" అన్నాడు నోట్లో దూదితో.

"ఇక్కడ ఇవాళ్టి నుంచేనండీ. మొదలే లేకపోతే ఆరు నెలలు ఎప్పటికి నిండుతాయి?"

ఎందరికో చెప్పే మాటే అది. నోట్లోంచి ఊడిపడ్డాక ఆమె చెవికి తగిలింది. ఔను కదా అనుకుంది. తమకు కావలసినదానికి నడుస్తున్న నెలను కూడా కలిపేసుకునే ఇల్లు, నాకు కావలసినదానికి మాత్రం వచ్చే నెల నుంచి మొదలెడుతుంది. వచ్చే నెల ఎప్పుడూ వచ్చే నెలే, అది వచ్చిందని ఎవరూ తలుపు తట్టి చెప్పరు. ఊరందరికీ తేదీలు ఇచ్చేదాన్ని, నా తేదీ ఆయన నోట్లో వెతుక్కుంటూ కూర్చున్నాను, ఆ నోట్లో ఉన్నదేమిటయ్యా అంటే పుచ్చిన పన్ను. అంతే, నవ్వొచ్చింది ఆమెకు. కోపం రావలసిన చోట నవ్వొస్తే ఇక ఆపేవాళ్ళుండరు. వరసలో ఉన్నవాళ్ళు కూడా ఎందుకో తెలియకుండానే, నొప్పి బుగ్గలు పట్టుకుని నవ్వారు.

మర్నాడు పొద్దున్నే తువ్వాలు భుజాన వేసుకుంది.

"ఎక్కడికీ?" భర్త దుప్పట్లోంచి తల బయటపెట్టాడు.

"ఈతకి."

"మరి కాఫీ?"

"పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. పొయ్యి నిన్నటి చోటే ఉంది."

గుమ్మంలో అత్తగారు అడ్డంగా నిలబడింది. పై నుంచి కింది దాకా చూసింది.

"మీ మామగారు నాకు సైకిలు నేర్పుతానన్నారు తెలుసా. ఓ ఆరు నెలలాగమన్నారు. ఆయన పోయారు కూడా, నేనింకా ఆగుతూనే ఉన్నా. నీ మెటికల మీద చూడవే, ఎప్పటికి నిండుతాయో."

"నా మెటికలు చాలవత్తయ్యా."

"అయితే పద. నీళ్ళలో కాళ్ళైనా పెడతాను," అంటూ ఆవిడ చెప్పులు వేసుకుంది. వెనక వంటింట్లో గిన్నె ఏదో కింద పడింది. ఇద్దరూ వెనక్కి తిరగలేదు.

కొలను గేటు దగ్గర టిక్కెట్లమ్మాయి ఆవలిస్తూ అడిగింది. "ఎన్నాళ్ళకు చేరతారమ్మా?"

ఆమె ఎడమ చెయ్యి అలవాటుగా బిగుసుకుంది. అవతల నీళ్ళు ఎండలో మెరుస్తున్నాయి. పిడికిలి బిగిస్తే ఈత సాగదని కాలవలో నేర్చుకున్న సంగతి చేతికే ముందు గుర్తొచ్చిందో ఏమో, వేళ్ళు వాటంతటవే విచ్చుకున్నాయి.

"ఆరు నెలలకు," అంది. "ఇవాళ్టి నుంచి."