ఆమె చెప్పేదాకా

బస్సు డిపో వర్క్‌షాపులో ఆ ఫోర్‌మన్‌ని అందరూ ఉరుము అంటారు. అతను షెడ్డులో అడుగుపెడితే చాలు, అరవైమంది మెకానిక్కులు చేతుల్లోని టీ గ్లాసులు బస్సుల కింద దాచేస్తారు. అరిగిపోయిన టైర్లతో బండిని రోడ్డెక్కించమన్నందుకు డిపో మేనేజర్నే అందరి ముందూ కడిగిపారేసిన మనిషి. అంతటి ఉరుమూ ఇరవై రెండు రోజులుగా ఆస్పత్రి వరండాలో బెంచీ మీద ముడుచుకుని కూర్చుని, నర్సు ఏది అడిగినా నీళ్ళు నములుతున్నాడు. దుప్పటి ఒకటి చాలా రెండు కావాలా అన్నా అంతే, జావ పలచగానా చిక్కగానా అన్నా అంతే.

అతని భార్య చిన్నపిల్లల బడిలో టీచరు. గొంతు పెంచి మాట్లాడి ఎరగదు. ఇరవై రెండు రోజుల కిందట పిల్లలకు బొమ్మల పుస్తకం చూపిస్తూ చూపిస్తూ కుర్చీలో పక్కకి ఒరిగిపోయింది. మెదడులో రక్తనాళం మూసుకుపోయిందన్నారు. ప్రాణం దక్కింది గానీ కుడి చెయ్యి, కుడి కాలు పట్టు తప్పాయి. మాట పోయింది. ఎదుటివాళ్ళు చెప్పేదంతా ఆమెకు అర్థమవుతుంది. తను చెప్పాలనుకున్నది మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోతుంది.

రేపు డిశ్చార్జి. ఆమెను ఎక్కడికి తీసుకెళ్ళేదీ ఈ సాయంత్రంలోగా చెప్పమన్నారు.

"మా ఇంటికే," అంది వదిన. అంటే భార్యకు అక్క. "ఏమనుకోకండి మరిదిగారూ, మీకు చొక్కా కూడా అదే తీసిపెట్టాలి. వడ్డించి పిలిస్తే గానీ ఆకలేస్తోందని తెలీదు మీకు. దాన్ని మీరేం చూస్తారు? ఇన్నాళ్ళబట్టీ ఎవరేమడిగినా ఒకటే పాట, తనని అడగాలి, తనని అడగాలి అని. అది మాట్లాడలేదు కదండీ!"

ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆవిడకు తెలియనిది మాత్రం ఒకటుంది.

పెళ్ళయిన మూడో ఏడు అతను భార్యకు తన మనసులోని మాట చెప్పాడు. పగలంతా అరవైమంది మీద అరిచి వచ్చాక ఇంట్లో పగ్గాలు ఎవరికైనా అప్పగించేయాలని ఉంటుందనీ, ఆ ఎవరైనా ఆమే కావాలనీ. చెప్పేసి, సిగ్గుతో చచ్చిపోతూ తల వంచుకున్నాడు. ఆమె నవ్వలేదు, ఛీ అనలేదు. నెల గడువు అడిగింది. దాని గురించి దొరికిందల్లా చదివింది. ఒక ఆదివారం కాగితం ముందు పెట్టుకుని, ఒప్పుకునేవి, ఒప్పుకోనివి, ప్రతిసారీ అడిగాకే చేసేవి అని మూడు వరసలు గీసి, ఇద్దరూ కూర్చుని నింపారు. ఆ రోజు నుంచి వీధి తలుపు గడియ పడగానే అంతా తారుమారయ్యేది. నలుగురిలో అతను ఆమెను నువ్వు అనేవాడు, ఆమె అతన్ని మీరు అనేది. గడియ పడ్డాక అతను మీరు అనేవాడు, ఆమె నువ్వు అనేది. ఏ చొక్కా వేసుకోవాలో, ఏం తినాలో, ఎప్పుడు పడుకోవాలో ఆమే చెప్పేది. సాయంత్రం ఆమె కుర్చీలో కూర్చుంటే అతను ఆమె కాళ్ళ దగ్గర నేల మీద చతికిలబడి ఆ రోజు సంగతులన్నీ అప్పజెప్పేవాడు. ఆ అరగంట కోసమే మిగతా రోజంతా ఈడ్చుకొచ్చేవాడు. పద్దెనిమిదేళ్ళుగా ఇదే వరస.

ఇప్పుడు ఆ పగ్గాలు ఎవరి చేతిలోనూ లేవు. ఇంటికెళ్తే అన్నం ముందు కూర్చుని, తినమనేవాళ్ళు లేక అలాగే లేచొస్తున్నాడు.

మధ్యాహ్నం స్పీచ్ థెరపిస్టు అతన్ని ఒక్కణ్ణే తన గదిలోకి పిలిచింది. యాభై దాటిన మనిషి, కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతూ ఉంటుంది. బల్ల మీద గళ్ళు గీసిన ఒక అట్ట పెట్టుకుని కూర్చుంది.

"మీ ఆవిడ మాటకు బదులు దీని మీద వేలు పెట్టి చూపిస్తారు. నీళ్ళు, నొప్పి, బాత్రూమ్, అవును, నేను, నువ్వు, ఇవి నేనెలాగూ రాస్తాను. ఇంట్లో ఆవిడ ఎక్కువగా వాడే మాటలు మీరు చెప్పాలి."

అతను గోళ్ళు చూసుకున్నాడు. "ఇలా రా. కూర్చో. లే. చెప్పు."

ఆవిడ రాసుకుంటూ పోతోంది. "ఇవి పిల్లలతో అనేవనుకుంటా."

"మాకు పిల్లల్లేరండీ."

"మరి ఎవరితో?"

"నాతో."

పెన్ను ఆగింది. ఇక దాచి లాభం లేదనిపించింది అతనికి. గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేశాడు. చెబుతున్నంతసేపూ చెవులు కాలిపోయాయి. ఆవిడ మధ్యలో నవ్వితే కిటికీలోంచి దూకేసేవాడే.

ఆవిడ నవ్వలేదు. "కొడుతుందా మిమ్మల్ని?"

"అయ్యో, లేదండీ. దెబ్బల్లో హాయి వెతుక్కునేవాళ్ళు వేరే ఉంటారు. తాళ్ళతో కట్టించుకునేవాళ్ళు ఇంకో రకం. కొందరికి అది గంటసేపు వేసే వేషం, గంట కాగానే వేషం తీసేసి వంటింట్లోకి పోతారు. ఎవరిష్టం వాళ్ళది, ఇద్దరూ పెద్దవాళ్ళై ఒప్పుకుంటే చాలు. మాది అవేవీ కాదు. మాది పెత్తనం. నేనిచ్చాను, తను పుచ్చుకుంది. అంతే."

"మొగుడి చేతిలోనో పెళ్ళాం చేతిలోనో నలిగిపోయి నోరు పడిపోయినవాళ్ళని నేను చాలామందిని చూశాను. దానికీ దీనికీ తేడా ఏంటి?"

"వాళ్ళని ఎవరూ అడగలేదు. నన్ను అడిగింది, నెలరోజులు ఆలోచించి మరీ అడిగింది. వాళ్ళు ఆపమన్నా ఆగదు. మా ఇద్దర్లో ఎవరు బ్రేకు అన్నా ఎక్కడిదక్కడ ఆగిపోవాలి. డిపో మనిషిని కదా, ఆ మాటే పెట్టుకున్నాం. అన్నాక ఎందుకని అడక్కూడదు, బతిమాలకూడదు. నేను రెండుసార్లు అన్నాను. వెంటనే ఆపేసింది. తనెప్పుడూ అనలేదు."

"అనగలిగినప్పుడు అనలేదు. సరే. ఇప్పుడు ఆవిడ ఏమీ అనలేరు. మీ మీద పెత్తనం చెయ్యడం ఆవిడకి ఇంకా ఇష్టమేనని మీకెలా తెలుసు?"

ఇరవై రెండు రోజులుగా ఆమె ఏం చెబుతుందా అని ఎదురుచూశాడే తప్ప, చెప్పాలని ఆమెకు ఉందా లేదా అన్నది అతని బుర్రకు తట్టనే లేదు.

"ఆ మాటలు అట్ట మీద పెట్టండి మేడమ్," అన్నాడు. "ఒక్కసారి తన నోట... తన వేలితోనైనా సరే. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"పెడతాను. కానీ అన్నిటికంటే పెద్దక్షరాలతో వద్దు అని రాస్తాను. దాని పక్కనే మీ బ్రేకు," అందావిడ.

అరగంటలో చక్రాల కుర్చీలో భార్యను ఆ గదిలోకి తోసుకొచ్చారు. థెరపిస్టు అట్టను ఆమె ఒళ్ళో పెట్టి, ఒక్కో మాటా చదివి వినిపించి, తను వెళ్ళి కిటికీ దగ్గర నిలబడింది. ఇలా రా, కూర్చో అన్న గళ్ళు చూడగానే భార్య తలెత్తి అతనికేసి చూసింది. ఈవిడకు చెప్పేశావా అన్నట్టుంది ఆ చూపు.

"చెప్పక తప్పలేదు. తప్పయితే తప్పే," అని అతను నేల మీద ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఎంత చల్లగా ఉంది ఆ నేల! "మీరు చెప్పండి. రేపు మనింటికా, వదిన వాళ్ళింటికా? నేనేం చెయ్యాలి? మీరేది చెబితే అది. ఏదో ఒకటి, ఒక్క మాట. కూర్చో అన్నా చాలు."

కూర్చునే ఉన్న మనిషి కూర్చోమనమని దేబిరిస్తున్నాడు. ఉరుముని ఆ స్థితిలో చూస్తే డిపోలో నవ్వి ఉండేవాళ్ళు కారు, భయపడి ఉండేవాళ్ళు.

ఆమె ఎడమచేతి వేలు లేచింది. నీళ్ళు దాటింది, నొప్పి దాటింది. కూర్చో దగ్గర కాస్త తచ్చాడింది. వేలు అక్కణ్ణించి కదిలి బ్రేకు మీద ఆగింది.

"జారిందేమోనండీ," అన్నాడు థెరపిస్టుతో.

ఆమె వేలు ఎత్తి మళ్ళీ అక్కడే పెట్టింది.

ఎందుకని అడక్కూడదు. ఎంతకాలమని అడగొచ్చు. అతను బల్ల మీది పెన్ను అందుకుని, అట్ట అంచున ఖాళీ గళ్ళలో ఈ రోజుకి అని ఒకటీ, ఇక ఎప్పటికీ అని ఒకటీ రాశాడు. అక్షరాలు వంకర్లు పోయాయి. మొదటిది చూపించమని తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాడు.

ఆమె చాలాసేపు చూసింది. కళ్ళు నిండాయి. వేలు రెండోదాని మీద పెట్టింది.

అతనికి ఏడుపు తన్నుకొచ్చింది. నలుగురికీ కనబడకుండా దాచుకునే ఏడుపు కాదది, పసిపిల్లలు ఏడ్చే ఏడుపు. ఆమె పాదాల మీద పడి, వద్దు, నన్నిలా వదిలెయ్యకండి అందామని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ బతిమాలకూడదు. పద్దెనిమిదేళ్ళు ఆమె మాట విన్నవాడికి ఈ ఒక్క మాటా వినక తప్పదు. గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"సరే," అన్నాడు. "ఆపేశాను."

ఆమె వేలు మళ్ళీ కదిలింది. నువ్వు. ఆ తర్వాత, చెప్పు.

సరిగ్గా అప్పుడే వదిన తలుపు తోసుకుని వచ్చింది. "కింద వాళ్ళు అడుగుతున్నారు, ఏం తేల్చారు? అయ్యో, ఏమైంది, ఏడుస్తున్నారేంటి?"

అతను మొహం తుడుచుకుని భార్య వైపు తిరిగాడు. "రేపు మనింటికి వచ్చేస్తున్నావు. సెలవు పెడతాను. నేనే చూసుకుంటాను." ఆమెను నువ్వు అనడానికి నోరు తిరగలేదు, అయినా అన్నాడు.

వద్దు. పెద్దక్షరాల మీద వేలు.

"చూశారా!" అంది వదిన.

ఎప్పటిలా తల వంచేసి సరేననబోయాడు. వంచితే ఎలా? ఇప్పుడు చెప్పమన్నది తనను. చెప్పేవాడు వద్దన్నమాట కూడా వినాలి, విని ఎందుకో కనుక్కోవాలి. "నేనంటే వద్దా?" అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. "ఇల్లు వద్దా? ఏముంది ఇంట్లో?"

ఆమె ఎడమ చేత్తో తన కుడి కాలు పట్టుకుని కాస్త పైకి ఎత్తింది. కాలు దబ్బున కింద పడింది. మళ్ళీ ఎత్తింది.

మెట్లు. వాళ్ళది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. రోజుకి నాలుగుసార్లు ఎక్కిదిగుతూ కూడా ఆ సంగతి అతనికి గుర్తు రాలేదు. ఇలాంటివన్నీ గుర్తుపెట్టుకోవడం ఇన్నేళ్ళూ ఆమె పని. ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని తను హాయిగా దించేసుకున్న బరువు ఆ తర్వాత ఎక్కడికి పోయిందో అతను ఒక్కనాడూ అడగలేదు.

"వదినా," అన్నాడు, "కింద వాటా ఇల్లు దొరికేదాకా మీ ఇంట్లోనే ఉంటుంది. తనతోపాటు నేనూ వస్తాను."

"మీరా? మా ఇంటికా?"

"నేనే. లేపడం, నడిపించడం అన్నీ ఇక్కడే నేర్చుకుని వస్తాను." భార్యను అడిగాడు, "నీకు ఒప్పేనా?"

వేలు కాసేపు ఎటూ పోలేదు. తర్వాత అవును మీదికి వచ్చింది. వదిన ఏదో అనబోయి మానేసి, కిందికి కబురు చెప్పడానికి వెళ్ళింది. థెరపిస్టు కూడా ఆవిడ వెనకే వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

అతను చెప్పింది రెండు ముక్కలే, అవి సరైనవో కావో తెలియదు, ఆమెకేమన్నా అయితే తప్పు తనదే. కుర్చీ లాక్కుని ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు.

"నాకు చాలా భయంగా ఉంది," అన్నాడు. "ఇన్నేళ్ళూ, ఏది చెప్పాలన్నా, నీకూ ఇలాగే భయం వేసేదా?"

ఆమె వేలు ఈసారి వెతుక్కోలేదు. తిన్నగా అవును మీదికి వెళ్ళింది.