అల్కొలాదో మంట

బాత్‌రూమ్‌లోంచి డెబ్బై ఏళ్ల వెన్సెస్లావో పెట్టిన కేక పోన్సే ఊళ్లో అతని వీధంతా వినిపించింది. మూత్రాశయం ఖాళీ చేసుకోవడానికి అతను రోజుకు నాలుగుసార్లు సన్నని గొట్టం పెట్టుకుంటాడు. ఈమధ్య అది పెట్టినప్పుడల్లా పుడుతున్న మంట తగ్గకపోతే గొట్టం లోపలే ఉంచి తొడకు మూత్రం సంచి కడతామన్నాడు డాక్టరు. సంచితో తన ట్రాంబోన్ బాకా వాయించేది లేదన్నాడు అతను.

ఇంటికొచ్చిన నర్సు మిగ్దాలియా గొట్టాన్ని వాసన చూసింది.

“దోన్ వెన్సే, దీన్ని దేంతో తుడిచారు?”

“అల్కొలాదో స్పిరిట్‌తో. క్రిములు చావాలిగా అమ్మాయ్! మా అమ్మ తలనొప్పికీ మోకాళ్లకీ దిష్టికీ అదే రాసేది.”

“ఆవిడ అక్కడ రాయలేదుగా! సబ్బుతో చేతులు కడుక్కోండి. ప్రతిసారీ కొత్త గొట్టం, దానికిచ్చిన జెల్. అంతే.”

మంట తగ్గింది. శనివారం అతని చప్పుడు వీధికి మళ్లీ వినిపించింది, ఈసారి ట్రాంబోన్‌లోంచి. పక్కింటి లుస్ దెలియా మొన్నటి కేకే నయమంది.