నాలుగు మెట్లు కిందికి

స్టేజీ మీద వేసుకునే తెల్ల చొక్కాకి ఇస్త్రీ చేయడం చేతనైన పనే గానీ చులకన పని కాదు. గంజి తడిగా ఉంటే పెట్టె అంటుకుంటుంది, బాగా ఆరిపోతే ఛాతీ మీద ముడత చావదు. ఆ రెండింటికీ మధ్య ఒక్క పది నిమిషాలుంటాయి. ఆ పది నిమిషాలూ మ్యూరియల్‌కి పదమూడేళ్లుగా తెలుసు. ఆ సోమవారం పొద్దున ఆమె మూడో చొక్కా మీద ఉండగా, టేబుల్ దగ్గర కూర్చుని టోస్టు నములుతున్న వాల్టర్ పేపరు పైకి చదవడం మొదలుపెట్టాడు.

"'గొంతు అంటే క్లైవ్ ఫెర్రాండ్‌దే. పదేళ్లయినా ఆవగింజంత మారలేదు.' విన్నావా మ్యూరియల్? ఆవగింజంత."

క్లైవ్ ఫెర్రాండ్ అంటే వాల్టరే. బోల్టన్‌లో నూలు మిల్లు గుమాస్తా వాల్టర్ ఓగ్డెన్ ప్రేమపాటలు పాడతాడంటే ఆడపిల్లలు టికెట్ కొంటారా అని, మేనేజరు సిడ్ లోమాక్స్ ఆ పేరు తగిలించాడు. పేరుతో పాటు ఇంకో పని కూడా చేశాడు. మొదటి నాలుగేళ్లు అతనికి పెళ్లయిన సంగతే బయటికి పొక్కనివ్వలేదు. అప్పట్లో రైల్లో మ్యూరియల్ వేరే పెట్టెలో కూర్చునేది. ఎవరైనా అడిగితే కాగితాలు చూసే అమ్మాయి అనేవారు.

"ఇంకా ఉంది విను. 'శ్రీమతి ఫెర్రాండ్ ఇల్లు చూసుకుంటారు. టీ పెట్టడంలో ఆవిణ్ణి మించినవాళ్లు లేరని ఆయన నవ్వుతూ చెప్పారు. సరదాకి కాస్త పియానో కూడా వాయిస్తారట.'"

"సరదాకా?" అంది మ్యూరియల్.

"పేపరువాళ్లకి అలాంటివే కావాలి. ఏం చెప్పమంటావు మరి? ఆ కాలరు చూడు, మొన్న గుచ్చుకుంది."

ఆమె కాలరు చూసింది. బ్లాక్‌పూల్‌లో ఆ వేసవికి వాళ్లు అద్దెకు తీసుకున్న ఇంటి వంటగది కిటికీలోంచి సముద్రం కనిపించదు గానీ, సముద్రం చూడ్డానికి వచ్చినవాళ్ల గోల మాత్రం వినిపిస్తుంది. ఆదివారం తప్ప రోజూ రెండు ఆటలు. రెండు ఆటల్లోనూ పియానో ముందు ఆమే. అయితే ఆ పియానో స్టేజీకి ఓ పక్కన, నాలుగు తాటి మొక్కల కుండీల వెనక ఉంటుంది. సిడ్ ఏర్పాటే అది. ప్రేమగీతం పాడేవాడి పక్కన పెళ్లాం కనబడితే ముందు వరుస ఆడపిల్లల ఉత్సాహం చల్లారిపోతుందట. ఆట చివర్లో మాత్రం వాల్టర్ ఆకుల వైపు చెయ్యి చూపించి, "ఆ వెనకాల మా మ్యూరియల్ ఉంది, టీ బ్రహ్మాండంగా పెడుతుంది" అంటాడు. జనం నవ్వుతారు. తొమ్మిదేళ్లలో ఆ జోకు ఒక్క మాట మారలేదు.

మారిందల్లా గొంతే. ఆ సంగతి మ్యూరియల్‌కి తెలుసు, వెనకాల కూర్చునే వాద్యగాళ్లకి తెలుసు. తెలియనిది ఒక్క వాల్టర్‌కే.

వాల్టర్‌కి పేరు తెచ్చిన పాట 'వాన వెలిసిన వీధి'. నలభై ఆరులో రికార్డయింది. దాని చివర ఒక పైస్వరం ఉంది. అతను దాన్ని అందుకుని, పట్టి ఉంచి, మెల్లగా వదిలేసరికి హాల్లో ఆడవాళ్లందరూ ఒక్కసారి ఊపిరి వదిలేవాళ్లు. నలభై తొమ్మిది చలికాలంలో గొంతులో గడ్డ లేచి మూడు వారాలు మంచం పట్టాడు. లేచాక సిగరెట్లు మానలేదు. ఇంట్లో పాడి చూసుకుంటే ఆ స్వరం దగ్గర గొంతు చీలిపోయింది. కుర్చీలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "అయిపోయింది మ్యూరియల్, మళ్లీ మిల్లుకే" అన్నాడు. అతణ్ణి పడుకోబెట్టి, ఆమె వంటగది బల్ల మీద కాగితాలు పరుచుకుని, పద్నాలుగు వాద్యాలకూ పాట మొత్తం తిరగరాసింది. ప్రతి స్వరమూ పియానో మీద ఒక్క మెట్టు కిందికి. మర్నాడు సాయంత్రం ఆట. ఆమె మొదటి వరస వాయించింది, అతను అందుకున్నాడు, చివరి స్వరం నిండుగా వచ్చింది. దిగి వచ్చి, "చూశావా, విశ్రాంతి తీసుకుంటే చాలు, గొంతు ఎక్కడికీ పోదు" అన్నాడు. అప్పుడే చెప్పి ఉండాల్సింది. అతని మొహంలో ఆ వెలుగు చూసి చెప్పబుద్ధి కాలేదు. అదే తను చేసిన తప్పని ఇప్పుడు ఇస్త్రీ పెట్టె ఎత్తి పట్టుకుని అనుకుంది. జాలిపడి నోరు మూసుకున్న ఆడదాని పని, చివరికి ఎవరూ చేయని పనిగా మిగిలిపోతుంది.

ఆ తర్వాత యాభై ఒకటిలో ఇంకో మెట్టు, యాభై మూడులో ఇంకోటి, పోయినేడాది మరోటి. మొత్తం నాలుగు మెట్లు. కొత్త పాటలైతే మొదటి నుంచీ అతని గొంతుకి సరిపోయే శ్రుతిలోనే రాసేది. వాల్టర్‌కి స్వరాలు చదవడం రాదు. ఆమె వాయించింది విని అందుకోవడమే. మాంచెస్టర్‌లో పాటల పుస్తకాలమ్మే కొట్లో ఆమె పియానో దగ్గర ఉద్యోగం చేసే రోజుల్లో, కొనేవాళ్ల కోసం కొత్త పాటలు వాయించి చూపిస్తుంటే, శనివారం శనివారం వచ్చి నిలబడి చెవులతో నేర్చుకుపోయిన మనిషి అతను. తన రికార్డు తను వినడం అపశకునమని ఇంట్లో గ్రామఫోను ముట్టుకోనివ్వడు. ఇక తెలిసే దారేది?

తలుపు తట్టకుండానే సిడ్ లోమాక్స్ లోపలికొచ్చాడు. టోపీ తియ్యకముందే విషయం చెప్పాడు. శనివారం మాంచెస్టర్ నుంచి టెలివిజన్‌లో అరగంట కార్యక్రమం, గురువారం రిహార్సలు. ఆ రెండు రోజులూ ఇక్కడ ఆటలు ఉండవు. క్లైవ్ ఫెర్రాండ్ ఒక్కడే. ఇరవై రెండు మంది వాద్యబృందం వాళ్లదే, సంచాలకుడు ప్రెంటిస్ అని పెద్దమనిషి, పియానో వాయించేవాడూ వాళ్లవాడే.

"దేశమంతా చూస్తుంది వాల్టర్. ఈ గిటార్లు వాయించే కుర్రకుంకలంతా నోరు మూసుకోవాలి." అంటూనే మ్యూరియల్ వైపు తిరిగాడు. "తల్లీ, నువ్వు రాసిన కాగితాలన్నీ గురువారానికల్లా సర్ది పెట్టు. ప్రెంటిస్‌కి ఇవ్వాలి. అన్నట్టు ఇంకో రెండు చొక్కాలు."

మ్యూరియల్ పెట్టెను పళ్లెం మీద నిలబెట్టింది. "ఇస్తాను. వాద్యరచన మ్యూరియల్ అని తెర మీద వెయ్యమనండి."

సిడ్‌కి అర్థం కాలేదు. వాల్టర్ వైపు చూశాడు. వాల్టర్ నవ్వాడు. "నీ పేరెందుకే? ఎవరు చదువుతారు?"

"ఎవరూ చదవకపోతే వెయ్యడానికి అడ్డేమిటి?"

"అది కాదు. పెళ్లాం చేత కాగితాలు రాయించుకుంటాడని నవ్వరూ? నా చొక్కా ఇస్త్రీ చేస్తావు, నా కాగితాలు రాస్తావు. రెండూ ఇంటి పనులే కదా. చొక్కా మీద పేరు కుట్టుకుంటావా?"

ఈ మాట అతని సొంతం కూడా కాదు. పెళ్లయిన కొత్తలో అత్తగారు అన్న మాటకి తమ్ముడు. బోల్టన్‌లో ఆవిడ గుమ్మం కడుగుతూ, చీపురు ఆపకుండా అనేది. "మీటలు నొక్కడం ఎవరికైనా వస్తుందమ్మా కోడలా, మా వాడి గొంతు దేవుడిచ్చింది. నువ్వు వాణ్ణి వేళకి తినేలా చూడు చాలు." దేవుడిచ్చింది దేవుడే నాలుగు మెట్లు తీసుకుపోయాడని ఆవిడకి చెప్పినవాళ్లు లేరు. మ్యూరియల్‌కి కడుపు మండింది. ఈ మంట కొత్తది కాదు గానీ, ఈసారి దాన్ని చల్లార్చాలని ఆమెకి అనిపించలేదు.

"పేరు వెయ్యకపోతే కాగితాలు ఇవ్వను," అంది.

సిడ్ విసుక్కున్నాడు. "చిన్నదానికి పట్టుదల ఎందుకు తల్లీ? ఇవ్వకపోతే ఏమవుతుంది? ఆ పాట అచ్చులో ఉంది. వాళ్ల దగ్గర బీరువాల నిండా అచ్చు కాగితాలే."

"అంతే మరి," అన్నాడు వాల్టర్. "పాట పాటే. అచ్చులోదే వాయించమను."

ఇక్కడ మ్యూరియల్ ఒక మంచిపని చేసింది. ఆ మంచి ఆమెకి తప్పనిసరి కాదు. చెయ్యి తుడుచుకుని వచ్చి భర్త ఎదురుగా కూర్చుంది.

"వాల్టర్, నా మాట విను. అచ్చులో ఉన్నదీ నువ్వు పాడుతున్నదీ ఒకటి కాదు. నీ గొంతు దిగింది. దాని కోసం నేను శ్రుతి దించాను. ఏడేళ్లుగా దించుతూనే ఉన్నాను."

అతను ఒక్క క్షణం ఆమె వైపు చూశాడు. తర్వాత పేపరు ఎత్తి ఆ వాక్యం మీద వేలు పెట్టాడు. "ఆవగింజంత మారలేదని రాశాడు. వాడికి చెవుల్లేవా? నా పాట నాకే నేర్పుతావా? కెటిల్ పెట్టు, సిడ్ టీ తాగలేదు."

ఆమె లేచి కెటిల్ పెట్టింది. చెప్పాల్సింది ఒకసారి చెప్పింది. ఇక రెండోసారి చెప్పేది లేదని, నీళ్లు మరిగేలోపల తేల్చుకుంది.

గురువారం మధ్యాహ్నం రిహార్సలు. ఆమె చొక్కాలు ఒక చేతిలో, సంచి ఒక చేతిలో పట్టుకుని రైల్లో మాంచెస్టర్ వెళ్లింది. సంచిలో కాగితాలున్నాయి. హాల్లో జనం లేరు. ఇక్కడా పియానో స్టేజీకి ఓ పక్కన, కుండీల వెనకే ఉంది. మూడో వరుసలో కూర్చుంది. స్టేజీ కింద ఓ మూల, తెర మీద చూపించే పేర్లను నల్ల అట్టల మీద తెల్లరంగుతో రాస్తూ ఒక అమ్మాయి కూర్చుంది. క్లైవ్ ఫెర్రాండ్ అన్న అట్ట అప్పటికే ఆరుతోంది. దాని పక్కన ప్రెంటిస్ పేరు, దుస్తులవాళ్ల పేరు, అలంకరణకి పూలు ఇచ్చిన కొట్టు పేరు కూడా ఉన్నాయి.

ప్రెంటిస్ చెయ్యెత్తాడు. ఇరవై రెండు మంది వాయించారు. వినసొంపుగా ఉంది, ఎవరూ కాదనరు. వాల్టర్ మొదటి వరస అందుకున్నాడు. అందుకుంటూనే కనుబొమలు కొంచెం ముడిపడ్డాయి. మెడ చాచాడు. రెండో చరణంలో నరాలు పైకి తేలాయి. మ్యూరియల్ చేతులు ఒళ్లో తమంతట తామే మెట్లు వెతుక్కుంటున్నాయి. వాటిని కట్టిపెట్టింది. చివరి స్వరం వచ్చింది. వాల్టర్ నోరు తెరిచాడు. వచ్చింది పాట కాదు, తుప్పు పట్టిన గేటు తెరిచిన చప్పుడు.

వాద్యాలు ఒక్కొక్కటే ఆగాయి.

"ఏమిటిది? పైకి లాగేశారు!" అన్నాడు వాల్టర్. "ఇది నా శ్రుతి కాదు."

"అచ్చులో ఉన్నదే ఫెర్రాండ్ గారూ," అన్నాడు ప్రెంటిస్ మర్యాదగా. "మీ రికార్డులోదీ ఇదే. ఇంకోసారి పాడి చూద్దాం, రైలు ప్రయాణం చేసి వచ్చారు కదా."

ఇంకోసారి పాడాడు. ఇంకా అన్యాయంగా వచ్చింది. ఒక వయొలిన్ అతను తల వంచుకుని తీగలు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. సిడ్ మెట్ల దగ్గర నిలబడి టోపీ నలుపుతున్నాడు. వాల్టర్ చీకటి కుర్చీల వైపు తిరిగాడు.

"మ్యూరియల్! చెప్పవే వీళ్లకి! నా పాటని ఏం చేశారో చెప్పు!"

అందరూ ఆమె వైపు చూశారు. పదమూడేళ్లలో ఇంతమంది ఆమెను ఒకేసారి చూడటం ఇదే మొదలు. అడ్డంగా ఆకులు లేవు. ఆమె లేచి నిలబడింది. లోపల ఒక పాత మ్యూరియల్, కాగితాలు పట్టుకుని పరిగెత్తమని తొందరపెట్టింది. అతని మొహంలో ఆ భయం ఆమె ఎరుగుదు. ఏడేళ్ల కిందట కుర్చీలో ఏడ్చిన మొహమే. జాలి వేసింది. జాలి వేసినా నడక మాత్రం నిదానంగానే నడిచింది.

"వాళ్లేం చెయ్యలేదు వాల్టర్. ఇది నీ పాటే. ఇన్నాళ్లూ నువ్వు పాడింది నేను రాసిన పాట."

సిడ్ గబగబా దగ్గరికొచ్చాడు. "తల్లీ, కాగితాలు తెచ్చావు కదా? ఆ సంచిలోనే ఉన్నాయి కదా? ఇంట్లో గొడవలు ఇంట్లో చూసుకుందాం. ముందు ఇవ్వు."

"తెచ్చాను," అంది మ్యూరియల్. సంచి మాత్రం తెరవలేదు.

వాల్టర్ స్టేజీ అంచుకి వచ్చి కూర్చున్నాడు. కాళ్లు కిందికి వేలాడుతున్నాయి. చివరికి ఆమెకే వినబడేలా అడిగాడు. "నేను ఏ శ్రుతిలో పాడతాను మ్యూరియల్?"

తన గొంతు గురించి అతను ఆమెను ఏదైనా అడగడం అదే మొదటిసారి. ఆమెకి కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు. "కుండీలు తియ్యించు. పియానో ముందుకి జరిపించు. ఆ పూలకొట్టు పేరు పక్కన ఒక అట్ట మీద నా పేరు రాయించు. రంగు ఆరాక చెప్తాను."

వాల్టర్ సిడ్ వైపు చూశాడు. సిడ్ ప్రెంటిస్ వైపు చూశాడు. ప్రెంటిస్ తన బృందంలో పియానో వాయించే అతనికి లేవమని సైగ చేశాడు. వాల్టర్ తల ఊపాడు.

మూలనున్న అమ్మాయి కొత్త అట్ట ఒకటి ఒళ్లోకి తీసుకుని, కుంచె రంగులో ముంచింది. "ఏమని రాయమంటారండీ? శ్రీమతి ఫెర్రాండ్ అనా, శ్రీమతి ఓగ్డెన్ అనా?"

"రెండూ కాదు," అంది ఆమె. "మ్యూరియల్ హేవర్త్ అని రాయమ్మా. ఈయన పరిచయం కాకముందే నాకు పియానో వచ్చు."