పక్కింటి ఐసు

ఊళ్లో సగం ఫ్రీజర్లు బాగుచేసిన ఆ మెకానిక్‌కి, సొంతింటి ఫ్రీజర్‌ని ఎవరైనా మాటంటే ఒళ్లు మండుకొస్తుంది.

"లోపలంతా కరిగిపోయిందండీ," అంది భార్య, నేల మీది నీళ్లు గుడ్డతో ఒత్తుతూ.

"మైనస్ పద్దెనిమిదని తలుపు మీద అంకె వెలుగుతోంది, కనబడట్లేదా? నువ్వే తలుపు సరిగ్గా వేసుండవు."

ఆమె నీళ్లు కారుతున్న బఠాణీల సంచి తెచ్చి అతని ఒళ్లో పెట్టింది. ప్యాంటు తడిశాక గానీ అతను స్క్రూడ్రైవర్ అందుకోలేదు.

లోపలి గోడకున్న చిన్న సెన్సర్‌ని, తీగ తెగకుండా బయటికి లాగాడు. లోపల ఎంత చల్లగా ఉందో మోటారుకి చెప్పేది అదే. చల్లగానే ఉందని అది అబద్ధమాడితే మోటారు హాయిగా నిద్రపోతుంది.

"దీని సంగతి ఇప్పుడే తేలుస్తా. ఐసు నీళ్లలో ముంచితే ఇది సున్నా చూపించాలి. చూపించిందంటే తప్పు నీదే. గ్లాసులో ఐసు వేసి పట్రా."

ఆమె ఫ్రీజర్లోంచి ఐసు ట్రే తీసి అతని ముందు పెట్టింది. అందులో నీళ్లు తొణికాయి.

అతను ట్రే వంక చూశాడు. సెన్సర్ చెమటపట్టిన తన అరచేతిలో ఉన్నా, ఇంకా మైనస్ పద్దెనిమిదే అంటున్న తలుపు మీది అంకె వంక చూశాడు. అయినా పద్ధతి పద్ధతే.

"పక్కింట్లో నాలుగు ముక్కలు అడిగి తీసుకురా. పరీక్ష చెయ్యకుండా ఏదీ తేల్చకూడదు."

ఆమె గ్లాసు పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"ఎందుకని వాళ్లడిగితే, మా ఫ్రీజర్లో ఐసు ఉందో లేదో తేల్చుకోవడానికని చెప్పనా?"