అడుగున తారు

చెరుకు బండ్లు బోధన్ ఫ్యాక్టరీ ముందు బారులు తీరే రోజుల్లో మెకానిక్ ఇషాక్‌కు తిండి తినే తీరిక ఉండదు. పొలాల్లో ఒక ఆయిల్ ఇంజను బాగైతే మరొకటి మూలపడుతుంది. డెబ్బై మూడో సంవత్సరంలో సరిగ్గా అప్పుడే, మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, చేపల ఆఫీసు రాజేశ్వర్ సారు వచ్చాడు. నిజాంసాగర్‌లో చేపల జాడ చెప్పే మిషన్‌ను ఒక పడవకు బిగించాలట.

ఆ పడవ రుక్మాబాయిది. భర్త పోయాక వల, పడవ ఆమే చూసుకుంటోంది. రెండేళ్లుగా వల వట్టిదే వస్తోంది. మిషన్ పనిచేస్తే ఈ సీజనంతా అది ఆమె పడవలోనే ఉంటుంది, లేకుంటే వెనక్కి పోతుంది. అందుకే బెస్తవాళ్లెవరూ ఒప్పుకోని పనికి ఆమె ఒప్పుకుంది. పడవ అడుగుకు బెజ్జం పెట్టనిచ్చింది.

ఇషాక్ బెజ్జం పెట్టి, అరచేతంత బిళ్లను కింద నీటికి ఆనేలా బిగించాడు. బిళ్ల చప్పుడును కిందికి పంపుతుంది. అది సాగర్ అడుగుకు తగిలి తిరిగొస్తే, డబ్బాలోని ముల్లు కాగితం మీద నల్లగీత గీస్తుంది. మధ్యలో చేపలుంటే గీతకు పైన మచ్చలు పడతాయి.

మరునాడు పడవను ఒడ్డు పక్కనే నీళ్లలోకి దించి చూశారు. ముల్లు కదులుతూనే ఉంది గాని కాగితం మీద గీతా లేదు, మచ్చా లేదు. ఇక డబ్బా సర్దేద్దామన్నాడు సారు. ఇషాక్‌కు హమ్మయ్య అనిపించింది. నడుం విరిగిపోతోంది, పోయి పడుకోవచ్చు. అలా అనిపించినందుకు తన మీద తనకే రోత పుట్టింది. పడవను ఒడ్డుకు లాగించి అడుగు చూశాడు. బిళ్ల కనబడలేదు. దాని మీద మందంగా తారు ఉంది.

పడవ దించే ముందు అడుగంతా తారు పూయడం బెస్తవాళ్ల ఆచారం. రుక్మాబాయి పొద్దున్నే పూసింది, పాపం, బిళ్లను కూడా వదలకుండా. తారులో గాలి బుడగలు చిక్కుకుని చప్పుడును దాటనివ్వలేదు. గీకాలన్నాడు ఇషాక్.

ఆమె పడవకు అడ్డంగా కూర్చుంది.

"మా ఆయన గిట్లనే పోయిండు తమ్మీ. గా ఏడు తొందరల సెయ్యంత జాగ తారు పూయక ఇడిసిపెట్టిండు."

బెజ్జం పెట్టింది తనే. ఏం భరోసా చెప్పగలడు?

"నేను గూడ ఎక్కుత అక్కా," అన్నాడు ఇషాక్. "నాకు ఈత రాదు."

ఆమె అతని ముఖంలోకి చూసి లేచింది. అతను అంచుల తారు అట్లాగే ఉంచి, బిళ్ల ముఖం మాత్రం శుభ్రం చేశాడు.

నడి సాగర్‌లో ముల్లు గీత గీసింది. గీతకు పైన ఊక చల్లినట్టు మచ్చలు. వచ్చి చూడమని సారు రుక్మాబాయిని పిలిచాడు. ఆమె బెజ్జం పక్కన చెక్క మీద చెయ్యి ఆనించి కూర్చుని ఉంది.

"సేపలు మీరు సూడుండ్రి సారూ. నేను నీళ్లు సూస్త."

ఇషాక్ కూడా కాగితం చూడలేదు. ఆమె పక్కన కూర్చుని తనూ చెక్క మీద చెయ్యి పెట్టాడు. పొడిగానే ఉంది.