అత్తగారి నీటిసాయం

వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో ఆ శాస్త్రవేత్తకు వెనకాల అందరూ పెట్టుకున్న పేరు చుక్కలమ్మ. మొక్క మొదట్లో చుక్క చుక్కగా తడి అందితే చాలు, మడి నింపేస్తే వేరుకు ఊపిరాడక కుళ్ళుతుందని ఆవిడ కనబడ్డవాళ్ళకల్లా చెప్పేది. ఉద్యోగం పొడుగునా ఇదే పాట. విన్నవాళ్ళు బుద్ధిగా తలూపేవాళ్ళు, ఇంటికెళ్ళి మడి నింపేవాళ్ళు. ఇంట్లో ఆ తలూపడం కూడా లేదు. అత్తగారు కుళాయి తిప్పితే వాకిలి చెరువే. పైగా, "నీళ్ళ చదువు చదివిన కోడల్ని తెచ్చుకున్నాక చెంబుడు నీళ్ళకీ గతిలేకుండా పోయాను" అని దెప్పడం ఒకటి!

ఆ ఏడు డైరెక్టరుగారి కన్ను చుక్కలమ్మ విభాగం మీద పడింది. ఆయన కాలవల మనిషి. నీళ్ళు గలగలా పారకపోతే అది ఆయన దృష్టిలో సేద్యమే కాదు.

"పక్కపక్కనే రెండు మడులు వేద్దామమ్మా. టమాటా. మీ పద్ధతి మీది, నా పద్ధతి నాది. మీది ఓడిందా, విభాగానికి తాళం వేసేద్దాం" అన్నాడు.

సరేనంది. అనక ఏం చేస్తుంది పాపం? మడులు ఆవిడ క్వార్టర్సు వెనకే కుదిరాయి. ఎవరి మడి వాళ్ళదే, పక్కదాంట్లో వేలు పెట్టకూడదని ఒప్పందం.

కోత నాటికి చుక్కలమ్మ మడి విరగకాసింది. డైరెక్టరు మడిలో ఆకులు పసుపెక్కి, మొక్కలు నిలువునా వాలిపోయాయి. చూడవచ్చిన పై అధికారులు శభాష్ అన్నారు. ఆయన ముఖం మాడిపోయింది. చుక్కలమ్మ గాల్లో తేలుతూ ఇంటికొచ్చి అత్తగారికి కబురు చెప్పింది.

"గెలవకేం చేస్తావే? రోజూ సాయంత్రం ఆయన మడికి మన పైపు వదిలింది నేనైతేనూ!"

"అయ్యో అత్తయ్యా! ఎంత పని చేశారు! ఎందుకండీ?"

"ఎందుకేమిటి? నీళ్ళెక్కువైతే వేరు కుళ్ళుతుందని చెవినిల్లు కట్టుకుని పోరింది నువ్వే కదా. నిజమేనే పిల్లా!"

నవ్వాలో ఏడవాలో ఆవిడకు పాలుపోలేదు. ఇన్నేళ్ళకు తన మాట నమ్మి ఆచరణలో పెట్టిన మనిషి ఒక్కరు దొరికారు. అదీ తన కొంప ముంచడానికి! ఒళ్ళు మండింది. సిగ్గు విడిచి చెప్పాలంటే, గర్వంగా కూడా అనిపించింది.

నోరు మూసుకుంటే విభాగం దక్కుతుంది, కానీ దొంగ గెలుపు చూపించి బతకడం ఆవిడ వల్ల కాదు. మర్నాడు పొద్దున్నే అత్తగారిని వెంటబెట్టుకుని డైరెక్టరు గదికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పేసింది.

ఆయన మొహం వెలిగిపోయింది. "అయితే ఈ గెలుపు చెల్లదు. మళ్ళీ మొదట్నుంచి వేద్దాం. అమ్మా, పెద్దావిడా, ఈసారి నా మడి జోలికి రాకండి."

"ఎందుకొస్తాను బాబూ? మధ్యలో జ్వరమొచ్చి నాలుగు రోజులు నేను పైపు పట్టుకెళ్ళకపోయినా మీ మడి బురదగానే ఉంది. మీరు పోసే నీళ్ళే చాలు దాన్ని చంపడానికి."

డైరెక్టరు నవ్వు సగంలో ఆగింది. ఆయన చుక్కలమ్మ వైపు తిరిగి, "ఈవిడ కూడా మీ విభాగమేనా?" అన్నాడు.

"ఇవాళే చేరారండీ" అంది చుక్కలమ్మ.